అమ్మీటర్ ముల్లు

1948 జూలై 27, మంగళవారం. మోత్కూర్.

ఈరోజు నుంచి బస్సుకు చేసిన పనల్లా రాసి పెట్టుకోవాలని నిర్ణయం. ఏది విప్పానో ఏది బిగించానో మరిచిపోయి, విప్పినదాన్నే మళ్లీ విప్పుతున్నానని కాసిం ఉస్తాద్ భువనగిరిలో నలుగురి ముందు నవ్వాడు. నాకు పని నేర్పిన మనిషి కాబట్టి ఊరుకున్నాను. ఇంకొకడైతే రెండు తిట్లు తినేవాడు.

రోగం ఇదీ. ఇంజనుతో పాటు డైనమో తిరిగి బ్యాటరీని నింపాలి. నింపుతున్నదీ లేనిదీ స్టీరింగు ముందున్న అమ్మీటర్ చెబుతుంది. ముల్లు కుడికి వాలితే నిండుతున్నట్టు, ఎడమకు వాలితే ఖర్చవుతున్నట్టు. నిన్న తిరుమలగిరి నుంచి వస్తుంటే ముల్లు కల్లు తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. పైగా ముందు దీపం మాడిపోయింది.

డైనమో విప్పాను. లోపల కరెంటును అందుకునే కార్బన్ ముక్కలు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వేశాను. రోగం పట్టేశాను, ఇక ఫికర్ లేదు.

ఇంటి సంగతులు ఇందులో రాయను. నా భార్య సైదమ్మకు ఇది మూడో కాన్పు. ముందటి ఇద్దరూ దక్కలేదు. ఇంతకు మించి రాయను. ఇది బస్సు పుస్తకం.

జూలై 30, శుక్రవారం.

ముల్లు మళ్లీ పడుకుంది.

ఆగస్టు 2, సోమవారం.

కటౌట్ డబ్బా మూత తీశాను. డైనమో తిరిగేటప్పుడు దాన్ని బ్యాటరీతో కలిపి, ఆగగానే విడగొట్టేది ఇదే. పాయింట్లు నల్లబడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది మెరుగు తెచ్చాను.

సైదమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుంది. పానా అందించడంలో దాన్ని మించినవాళ్లు లేరు. నెంబరు చెప్పనక్కర్లేదు, నా చేయి ఎటు పోతుందో చూసి సరిగ్గా అదే ఇస్తుంది. పెళ్లయిన కొత్తలో బస్సు దగ్గరికి రావడానికే భయపడేది. ఇప్పుడు నాకంటే ముందే నట్టు తిప్పేస్తానంటుంది.

"గీ డబ్బల రోగముందా?" అని అడిగింది.

"ఉండె. కుదిరింది."

"మొన్న గూడ కుదిరిందనే అన్నవ్."

ఆడవాళ్లకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి. ఏమైతేనేం, ఈసారి నిజంగానే పట్టేశాను.

ఆగస్టు 6, శుక్రవారం.

ఊరి బయట రజాకార్లు బస్సు ఆపారు. అందర్నీ దించి, వరసగా నిలబెట్టి, మూటలన్నీ విప్పించారు. ఎవరినీ ఏమీ చేయలేదు గానీ పొద్దు పోయేదాకా కదలనివ్వలేదు. బస్సు యజమాని మా సేటు ఇవన్నీ ముందే ఊహించి పోయిన నెల్లోనే హైదరాబాదు చేరుకున్నాడు. బస్సు నామీద వదిలేశాడు. నడిస్తే నడుపు, లేకపోతే పెట్టెయ్ అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి సైదమ్మ అన్నం వండి, తినకుండా గడపలో కూర్చుని ఉంది.

"ఏడున్నవయ్యా గీ యాళ్ల దాంక?"

"తొవ్వల ఆపిండ్రు. తినకుంట కూసుంటే ఎట్ల? నువ్వు ఒట్టి మనిషివా ఇప్పుడు?"

లేచి వచ్చింది. నా చొక్కా భుజాలు, చేతులు తడిమి చూసింది. నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు.

ఆగస్టు 7, శనివారం.

పొద్దున బండి తీస్తే ముల్లు అసలు లేవలేదు. నిన్న బాగానే ఉంది. నేను ఆలస్యంగా వచ్చిన మర్నాడల్లా ఈ బస్సు అలుగుతోంది. దీనికీ మూతి ముడుచుకోవడం వచ్చింది.

ఆగస్టు 15, ఆదివారం.

బస్సు తీయలేదు. తీగలన్నీ మొదటి నుంచి చివరిదాకా లాగి చూశాను. డైనమో నుంచి కటౌట్‌కు పోయే తీగ బాగుంది. కటౌట్ నుంచి అమ్మీటర్‌కు పోయేది ఒకచోట ఒరుసుకుపోయి ఉంటే గుడ్డ చుట్టాను. బ్యాటరీ నుంచి బండి చట్రానికి బిగించిన ఎర్తు తీగ బోల్టు రాయిలా ఉంది. పానా వేసి చూస్తే వెంట్రుక వాసి కదల్లేదు. అంత గట్టిగా ఎప్పుడు బిగించానో నాకే గుర్తులేదు. నా చేతిపని మీద నాకే ముచ్చటేసింది. దాని జోలికి పోనవసరం లేదని వదిలేశాను.

ఒరుసుకుపోయిన తీగదే తప్పు. పట్టేశాను.

ఆగస్టు 19, గురువారం.

పట్టలేదు.

భువనగిరిలో బ్యాటరీ దించి ఉస్తాద్ దుకాణంలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో గడి మూతా తీసి చూశాడు. డైనమోను తాడు వేసి తిప్పి చూశాడు.

"బ్యాటరీ మంచిగుంది. డైనమో మంచిగుంది. నడుమ యాడనో కరెంటుకు తొవ్వ దొరుకుతలేదు బేటా. ఇంటికాడ బండి మీద ఎవలన్న చెయ్యేస్తుండ్రా?"

"నా బండి మీద ఎవలేస్తరు ఉస్తాద్?"

"గదే అడుగుతున్న."

దారి పొడుగునా అదే ఆలోచన. ఇప్పుడు ఎవరిని నమ్మేట్టు ఉంది? రజాకార్లకు బస్సు కావాలి, వాళ్లతో పోరాడే సంఘం వాళ్లకు బస్సు నడవకపోవడం కావాలి. ఇంటికి రాగానే చుట్టుపక్కల అందర్నీ అడిగాను. ఇద్దరితో మాట తేడా కూడా వచ్చింది. చివరికి సైదమ్మను అడిగాను.

"నేను లేనప్పుడు బండి కాడికి ఎవలన్న వస్తుండ్రా?"

"ఎవ్వరు రారు. నేనే ఉంటగదా" అంది.

అది ఉండగా ఎవరు వస్తారు?

ఆగస్టు 26, గురువారం.

రాయను అనుకున్నాను గానీ రాస్తున్నాను. మంత్రసాని బిక్షమ్మ వచ్చి సైదమ్మ పొట్ట చూసింది. చాలాసేపు చేతులు తీయలేదు. బయటకు వచ్చాక నన్ను పందిరి కిందికి పిలిచింది.

"బిడ్డ అడ్డం తిరిగున్నది కొడుకా. నాతోని గాదు. నొప్పులు మొదలయితే ఆలిస్యం చెయ్యకు, భువనగిరి దవాఖానకు తీస్కపో. బండి ఉన్నది గదా నీకు."

బండి ఉంది.

భువనగిరిలో దవాఖాన పక్కన ఒక గది కిరాయికి తీసుకుందామన్నాను. సైదమ్మ ఒప్పుకోలేదు.

"ఆడ రజాకార్ల క్యాంపున్నది. నువ్వు పొద్దంత తొవ్వల ఉంటవ్. నేనొక్కదాన్ని ఆడుండ. మన ఇంటికాడనే ఉంట. యాళ్లకు నువ్వు తీస్కపోతవ్."

తీసుకుపోతాను. ఎర్తు తప్ప అన్ని తీగలూ కొత్తవి వేస్తాను.

సెప్టెంబర్ 4, శనివారం.

నిన్న తిరుమలగిరి అవతల సంఘం వాళ్లు రోడ్డుకు గండి కొట్టారు. వెనక్కి తిరిగేలోగా చీకటి పడింది. అక్కడే బస్సులో పడుకుని పొద్దున్నే వచ్చాను. సైదమ్మ రాత్రంతా గడపలోనే కూర్చుందని ముఖం చూస్తేనే తెలిసింది. కాళ్లు వాచి ఉన్నాయి. గట్టిగా కేకలేశాను. అది ఏడవలేదు. లేచి నీళ్లు పెట్టింది.

కేకలేసినందుకు నాకు ఏడుపు వచ్చింది. బావి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను.

సెప్టెంబర్ 5, ఆదివారం.

రెండు దీపాలూ మాడిపోయాయి. అన్ని తీగలూ కొత్తవే. ముల్లు లేవడం లేదు.

సెప్టెంబర్ 8, బుధవారం.

ముల్లు లేవడం లేదు.

సెప్టెంబర్ 13, సోమవారం.

ఢిల్లీ సైన్యం నాలుగు దిక్కులనుంచీ వస్తోందట. విమానాలు తలమీదుగా పోయాయి. బస్సు ఇంటి ముందు పెట్టేశాను. పొద్దునా సాయంత్రం హ్యాండిల్ కొట్టి ఇంజను నడిపి చూస్తున్నాను. నడిచినంతసేపు ముల్లుకేసి చూస్తూ కూర్చుంటున్నాను. సైదమ్మ అరుగు మీద కూర్చుని నాకేసి చూస్తుంది.

"నువ్వు యాడికి పోవుగదా ఇగ?" అని అడిగింది.

"యాడికి పోత, తొవ్వలన్ని బందయినయి."

కాస్త నవ్వినట్టే అనిపించింది. యుద్ధం వచ్చిందంటే నవ్వే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.

సెప్టెంబర్ 16, గురువారం. భువనగిరి, దవాఖాన అరుగు.

నిన్నటిది మొత్తం రాయాలి.

తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. బిక్షమ్మను లేపుకొచ్చాను. బస్సులో నా సీటు వెనక బొంత పరిచి సైదమ్మను కూర్చోబెట్టాం. హ్యాండిల్ కొడితే ఇంజను దగ్గి దగ్గి లేచింది. సన్నగా వాన. రోడ్డు మీద పిట్ట లేదు. సగం దూరం దాటాక ఒక వాగు అడ్డం వచ్చింది. నీళ్లు తక్కువే, కానీ నెమ్మదిగా దిగాలి. అవతలి గడ్డ ఎక్కుతుండగా ఇంజను ఆగిపోయింది.

హ్యాండిల్ కొట్టాను. మళ్లీ కొట్టాను. భుజాలు పడిపోయేదాకా కొట్టాను. ఒక్క దగ్గు కూడా లేదు.

వెనక సైదమ్మ పళ్లు బిగించి మూలుగుతోంది. నాకు ఏడవాలో బస్సును తన్నాలో తెలియలేదు. తన్నాను కూడా. తర్వాత ఉస్తాద్ మాట జ్ఞాపకం వచ్చింది. కరెంటుకు దారి దొరకని చోట వేడి పుడుతుంది. ఇన్నాళ్లూ కళ్లతో వెతికాను, చేత్తో వెతకలేదు.

"బిక్షమ్మా, జర ఇటొచ్చి గీ గుండీ కాలుతోని ఒత్తిపట్టు" అన్నాను. ఇంజనును బ్యాటరీతో తిప్పే గుండీ అది.

"నేను కాన్పు చెయ్యనొచ్చిన్నా, బండి నడప వచ్చిన్నా?" అని తిడుతూనే వచ్చి కాలు పెట్టింది.

ఇంజను తిరగలేదు, కిర్రుమని ఆగింది. నేను కాళ్ల కింది చెక్క ఎత్తి ఒక్కో బిగింపు మీదా వేలు పెట్టుకుంటూ పోయాను. బ్యాటరీ తలలు చల్లగా ఉన్నాయి. ఎర్తు బోల్టు దగ్గర వేలు చురుక్కుమంది. రాయిలా బిగిసి ఉందని నేను మురిసిపోయిన బోల్టు అది.

పానా తీసుకుని నట్టుకు వేశాను.

"ఆగు. గది ఇప్పకు" అంది సైదమ్మ.

వెనక్కి తిరిగి చూశాను. సీటు పట్టుకుని ముందుకు వంగి ఉంది. ముఖమంతా చెమట.

"ఎందుకు?"

"దాన్ల నా దారాలున్నయి."

నాకు అర్థం కాలేదు. నట్టు తీసి తీగను పైకి లాగాను. తీగ చివర బోల్టు దూరే రాగి కన్ను ఉంటుంది. ఆ కన్ను చుట్టూ, లోపలినుంచి బయటికి, దారం మీద దారం చుట్టి ముడులు వేసి ఉన్నాయి. పైవి నూనెకు నల్లబడ్డాయి, లోపలివి ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి. రాగి ఎక్కడా చట్రానికి తగలడం లేదు. ఇన్నాళ్లూ ఆ నట్టు అంచుల మీదుగా ఏ కాస్తో తగులుతూ తగలకుండా బస్సు నడిచింది.

సైదులు దర్గా మొక్కు దారాలు అవి. అక్కడ మొక్కుకుంటే పుట్టిందనే సైదమ్మకు ఆ పేరు పెట్టారు. వాళ్లమ్మ అక్కడికి వెళ్లినప్పుడల్లా తెచ్చి ఇస్తుంది, ఇంట్లో ఒక చుట్ట ఎప్పుడూ ఉంటుంది.

"ఎప్పుడు కట్టినవ్?"

"నువ్వు ఆలిస్యమైనప్పుడల్ల. వచ్చి పండుకున్నంక కట్టిన."

"గీ బోల్టుకే ఎందుకు?"

"నువ్వే చెప్పినవ్. దీపాలకు పోయింది, హారనుకు పోయింది, అంత తిరిగి గీడికే రావాలె అన్నవ్. రాకుంటే బండి ఉత్త ఇనుమన్నవ్."

ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. పానా అందిస్తూ వింటుందని కూడా అనుకోలేదు. నేను ఆలస్యం కావడం, ఇది ఒక దారం చుట్టి నా పానాతోనే బిగించడం, బస్సు మొరాయించడం, దాంతో నేను మళ్లీ ఆలస్యం కావడం. ఇద్దరం కలిసి బస్సును చంపాం.

జేబులోంచి చాకు తీశాను.

"కోయకు" అంది. "నేను కట్టిన. నేనే ఇప్పుత. కోస్తే మంచిది గాదు."

"కోసెయ్యి కొడుకా, దానికేం తెలుస్తది గీ యాళ్ల" అంది బిక్షమ్మ.

నాకు దారాల మీద నమ్మకం లేదు. ఒక్క కోతతో అయిపోయే పని. కానీ సైదమ్మ ముఖం చూశాక చాకు మడిచేశాను. తీగ రెండో చివర కూడా బ్యాటరీ నుంచి విప్పి, మొత్తం తీగను తెచ్చి దాని ఒళ్లో పెట్టాను.

అది ఒక్కో ముడీ గోళ్లతో పట్టుకుని విప్పింది. నొప్పి వచ్చినప్పుడు వేళ్లు ఆగిపోయేవి. కళ్లు మూసుకుని నా చెయ్యి నలిపేసేది. నొప్పి తగ్గగానే మళ్లీ ముడి పట్టుకునేది. తడికి, నూనెకు బిగుసుకుపోయిన ముడులు. ఒకదాన్ని పంటితో లాగింది. పసుపు, మడ్డి కలిసి పెదాలకు అంటుకుంటే నేను తువ్వాలుతో తుడిచాను. ఎప్పుడూ ప్రతి పనికీ తొందరపెట్టే నేను నిన్న ఒక్క మాట అనలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. బిక్షమ్మ తల దించుకుంది, మేమిద్దరం దించుకోలేదు.

చివరి దారం ఊడినప్పుడు అన్నీ కలిపి కొంగున కట్టుకుంది.

"ఇగ పోనియ్యి" అంది.

రాగి కన్ను, చట్రం ఇనుము రెండూ చాకుతో తళతళలాడేదాకా గీకాను. బిగించాను. హ్యాండిల్ రెండోసారి కొట్టగానే ఇంజను లేచింది. భువనగిరి చేరేదాకా నేను ముల్లు వైపు చూడనే లేదు.

దవాఖానలో డాక్టరు, నర్సమ్మ ఉన్నారు. ఊళ్లో సగం మంది పారిపోయినా వాళ్లు పోలేదు. వాళ్లకు నేను ఎలా దండం పెట్టానో నాకే తెలియదు. నన్ను తలుపు బయట నిలబెట్టారు. సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. పొద్దుగూకే వేళకు లోపల ఏడుపు వినిపించింది. చిన్న ఏడుపు.

ఆడపిల్ల. తల్లి నీరసంగా ఉంది, బాగుంటుందన్నారు.

సెప్టెంబర్ 17, శుక్రవారం.

పాప పాలు తాగింది.

సెప్టెంబర్ 18, శనివారం.

నిన్న నిజాం లొంగిపోయాడట. రజాకార్ల క్యాంపు ఖాళీ. బజారులో జనం కేకలు వేస్తూ తిరుగుతున్నారు. ఉస్తాద్‌కు కబురు చెబుదామని వెళితే దుకాణం మూసి ఉంది. వెనక ఇంటి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు.

"ఉస్తాద్, నేను పర్వతాలును. ఒక్కణ్ణే వచ్చిన" అన్నాను.

చాలాసేపటికి తలుపు కొద్దిగా తెరిచాడు. ఈ కొద్ది రోజుల్లోనే ముసలివాడైపోయాడు. గదిలో దీపం కూడా పెట్టుకోలేదు. ఆడపిల్ల పుట్టిందని చెప్పాను. బస్సు రోగం సంగతి చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"బజారంత అడిగినవ్. ఇంట్ల మనిషిని అడిగినవా?"

"అడిగిన. నేనే ఉంటగదా అన్నది."

"సచ్ బోలీ" అన్నాడు. నిజమే చెప్పింది.

వాళ్లావిడ లోపలినుంచి ఉతికి ఉతికి మెత్తబడిన ఉస్తాద్ మల్లు కుర్తా తెచ్చి పాపకు చుట్టమని ఇచ్చింది. మా ఊరికి రమ్మన్నాను, ముసల్మానుల మీద జనం కోపం చల్లారేదాకా మా వెనక గదిలో ఉండమన్నాను. ఆయన దుకాణం సంగతేమిటన్నాడు. ఆమె అప్పటికే మూట కడుతోంది.

సెప్టెంబర్ 22, బుధవారం. మోత్కూర్.

ఇల్లు చేరాం. అందరం. ఉస్తాద్ దంపతులు వెనక గదిలో ఉన్నారు. సేటు మనిషి వచ్చి, సేటు తిరిగి వస్తున్నాడు, రేపటినుంచి బస్సు నడపాలట అన్నాడు. ఎల్లుండి చూద్దామని పంపేశాను.

మధ్యాహ్నం సైదమ్మ పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను ఊరికే ఉండక దారాల మాట ఎత్తాను.

"తుపాకులకు బుగులుపడి కట్టినవా? నన్ను కాలుస్తరనుకున్నవా?"

అది నాకేసి వింతగా చూసింది.

"గట్లనుకున్నవా? తుపాకులకు గాదు."

"మరి బిడ్డ దక్కాలెనని కట్టినవా?"

"బిడ్డ కోసమైతే బిడ్డకే కడుదును గదా."

పాప తలమీద కుర్తా సర్దింది. తర్వాత నన్ను చూడకుండా, మెల్లగా చెప్పింది.

"పోయిన రెండు కాన్పులల్ల నువ్వు తొవ్వల ఉన్నవ్. నువ్వొచ్చేటాళ్లకు మట్టి చేసిండ్రు. వాళ్ల మొకాలు నాకొక్కదానికే యాదికున్నయి. యాదికొచ్చినప్పుడు ఎవలితోని చెప్పాలె? నువ్వు చూడకపోతివి. ఈసారి దక్కినా దక్కకున్నా, నువ్వు గూడ చూడాలెనని కట్టిన."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇద్దరి గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే దానికి బాధ కలుగుతుందని అనుకున్నాను. అదొక్కతే ఇద్దర్నీ మోస్తూ తిరిగిందని నాకు తట్టలేదు.

"ఎట్లుండిరి?" అని అడిగాను.

సైదమ్మ తలెత్తి, నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. పెద్దదానికి అచ్చం నా ముక్కేనట. జుట్టు చెవుల దాకా ఉండేదట. రెండోవాడు సన్నగా, పొడుగు వేళ్లతో ఉన్నాడట. ఎడమ చెవి కింద చిన్న మచ్చ. కళ్లు ఒక్కసారి తెరిచాడట, దీపం వైపు చూశాడట.

ఇంకా చెప్పేది ఉందంటోంది. రాయడం ఆపి వింటాను.